కాళిదాస లనాటా: ప్రతిపదార్థ వ్యాఖ్యానం

మూలం: హెమిప్టెరా, ఆకెనోరింకా, ఫుల్గోరోమార్ఫా, ఫుల్గోరోయిడియా, ఫుల్గోరిడే, అఫేనినే, కాళిదాస లనాటా (డ్రూరీ, 1773).

దక్షిణ భారతంలో చెట్ల బోదెలకు అతుక్కుని రసం పీల్చే ఓ పెద్ద పురుగు చిరునామా ఇది. మ్యూజియంలో గుండుసూదికి గుచ్చిన పురుగు కింద ఈ వరసే చీటీ మీద ఉంటుంది. చదివేవాళ్లకు నోరు తిరగని లాటిన్ మాటల దండలా కనబడుతుంది గానీ, ఇందులో ప్రతి మాటా పురుగు ఒంటి మీద ఒక చోటు చూపిస్తుంది. ఇక్కడ చూడు, మూతి ఎక్కడ మొదలైందో. ఇక్కడ చూడు, మీసం కంటికి పైనా కిందా. రెక్క విప్పి చూడు, లోపల ఏముందో. అలా చూడకుండా బట్టీ పడితే ఈ వరస ఎందుకూ కొరగాదు. చూస్తూ చదివితే మాత్రం తాండూరు పక్క యాలాల్ పొలాల్లో వరిని సుడులు సుడులుగా ఎండబెట్టే దోమ దీనికి ఏమవుతుందో, ఏమవదో తేలిపోతుంది.

కాళిదాసు పేరున్న దానికి వ్యాఖ్యానం రాయడానికి తెలంగాణకు కొంత హక్కుంది. రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘదూతానికీ సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెతుకు సీమలోని కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం ప్రసిద్ధం. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగానికి అక్కడక్కడా క్షమించాలి.

హెమిప్టెరా. ఇది గణం పేరు, 1758లో లిన్నేయస్ పెట్టింది. రెక్కలను బట్టి పెట్టిన పేరు గానీ, గుర్తుపట్టడానికి రెక్క కన్నా నోరు నమ్మకమైనది. ఈ గణంలో దేనికీ నమిలే దవడలు లేవు. దవడలు సాగి సాగి వెంట్రుకల్లాంటి నాలుగు సూదులయ్యాయి. లోపలి రెండు సూదులు ఒకదానికొకటి అతుక్కుని రెండు సన్నని గొట్టాలుగా ఏర్పడతాయి. ఒక గొట్టంలోంచి ఉమ్మి కిందికి దిగుతుంది, రెండో గొట్టంలోంచి రసం పైకి వస్తుంది. మంచంలో నల్లి ఈ గణానిదే, తాండూరు కంది కాయల్లో గింజ పాలు పీల్చేసే నల్లులూ ఇవే, పత్తి మీద పేనుబంక, తోటలో పిండినల్లి కూడా. గొంగళిపురుగులా ఆకు కొరికి చిల్లులు పెట్టేది ఇందులో ఒక్కటీ లేదు. అందుకే వీటి దెబ్బ మొదట్లో కంటికి ఆనదు. ఆకు ఉన్న చోటే ఉంటుంది, మొక్క మాత్రం వడలిపోతూ ఉంటుంది.

ఆకెనోరింకా. ఇది ఉపగణం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తాండూరు మందుల దుకాణంలో వానాకాలం పొడుగునా జరిగే ఒక సంభాషణ అర్థం కావాలంటే ఈ మాటే తాళంచెవి.

"అన్నా, దోమ పడ్డది. మంచి మందియ్యి."

"ఏం పంటకే? ఏ దోమ, పచ్చదా, తెల్లదా, సుడిదా?"

ఆ ప్రశ్న దుకాణదారు నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. నిజానికి అందులో వర్గీకరణ శాస్త్రం మొత్తం ఇమిడి ఉంది. రైతు మాటలో మూడూ దోమలే. చిన్నవి, కదిపితే లేస్తాయి, రసం పీలుస్తాయి కాబట్టి దోమలు. మనల్ని కుట్టే దోమ వీటిలో దేనికీ చుట్టం కాదు, అది ఈగల గణంలో ఉంది. మిగతా మూడూ హెమిప్టెరాలోనివే అయినా ఒక్క ఇంటివి కావు. ఆ ఇళ్లను విడదీసేది మూతి మొదలయ్యే చోటు. తెల్లదోమను తిరగేసి భూతద్దం కింద చూస్తే మూతి ముందుకాళ్ల మధ్యనుంచి పుట్టినట్టుంటుంది. పేనుబంక, పిండినల్లి కూడా అంతే. అది వేరే ఉపగణం. పచ్చదోమ, సుడిదోమల్లో మూతి తల వెనక అడుగున, మెడకు ఆనుకుని మొదలవుతుంది. అలా మెడ దగ్గర మూతి ఉన్నవన్నీ ఆకెనోరింకా. కాళిదాస అక్కడిది. ఎండాకాలం చెట్ల మీద చెవులు చిల్లులు పడేలా రొదపెట్టే సికాడా అక్కడిది. మామిడి పూతను మాడ్చే తేనెమంచు పురుగూ అక్కడిదే.

పాత పుస్తకాల్లో ఈ రెండు ఉపగణాలనూ కలిపి హోమోప్టెరా అనేవారు. పరీక్షల కోసం ఆ మాట బట్టీ పట్టినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. డీఎన్ఏ పోలికలు చూడడం మొదలయ్యాక ఆ గుంపు ఒకే మూలం నుంచి వచ్చిన పూర్తి కుటుంబం కాదని తేలింది. 1990ల తర్వాత కీటక శాస్త్రవేత్తలు దాన్ని వదిలేశారు. మన వ్యవసాయ కరపత్రాలు ఇంకా వదల్లేదు.

ఫుల్గోరోమార్ఫా. మెడమూతి గుంపులో మళ్లీ రెండు పాయలు. ఒకటి సికాడా, పచ్చదోమ, తేనెమంచు పురుగు ఉన్న పాయ. రెండోది కాళిదాస, సుడిదోమ, చెరకు పైరిల్లా ఉన్న పాయ, అదే ఈ ఫుల్గోరోమార్ఫా. పచ్చదోమకీ సుడిదోమకీ ఒకే మందు కొట్టినా, చుట్టరికం లెక్కన పచ్చదోమ సికాడాకే దగ్గర. సుడిదోమకు అది దూరపు బంధువు.

దీనికి గుర్తు మీసం. ఇది చూడ్డానికి కాళిదాస దొరకనక్కర్లేదు. కాగ్నా నది ఒడ్డున ఏ జిల్లేడు పొద దగ్గరికైనా వెళ్లి కాండం మీద వెతకండి. బూడిద, గోధుమ రంగులు కలిసిన బల్లపరుపు పురుగు, సెంటీమీటరుకు అటూ ఇటూ, తల పొడుగు కన్నా వెడల్పు ఎక్కువ. అది యూరిబ్రాకిస్ టొమెంటోసా. వేలు దగ్గరికి పెడితే ఎగరదు, పక్కకు జరుగుతూ కాండం అవతలికి పోతుంది. మీరు అటు తిరిగితే ఇటు వస్తుంది. రెండో చెయ్యి అటువైపు అడ్డం పెట్టి, భూతద్దంతో పక్కనుంచి ముఖం చూడండి. సికాడాకైతే మీసాలు రెండు కళ్ల మధ్య ముందువైపు ఉంటాయి. దీనికి కంటికి సరిగ్గా కింద ఉంటాయి: ఉబ్బిన బుడిపె ఒకటి, దాని కొసన సన్నని వెంట్రుక. ఆ బుడిపె మీద వాసన, గాలి కదలిక పసిగట్టే అవయవాలు గుత్తులుగా ఉంటాయి. కంటి కింద బుడిపె మీసం కనిపించిందంటే ఈ పాయదే. ఇంకా రెండు గుర్తులున్నాయి. ముందురెక్క వెనకభాగంలో రెండు నరాలు కలిసి ఆంగ్లంలోని వై అక్షరంలా ఒకటవుతాయి. ముందురెక్క మొదట్లో చిన్న పొలుసు ఒకటి కప్పినట్టుంటుంది. మీసం చూసుకున్నవాడికి ఇవి సాక్షులు మాత్రమే.

ఈ పాయ గురించి ఒక మాట అదనంగా చెప్పక తప్పదు. ఇవన్నీ దూకుతాయి, అదీ మామూలుగా కాదు. ఐరోపాలో దొరికే ఇస్సస్ కోలియోప్ట్రేటస్ అనే జాతి పిల్లపురుగుల వెనకకాళ్ల మొదళ్లలో నిజమైన పళ్లచక్రాలు ఉన్నాయని 2013లో కేంబ్రిడ్జిలోని మాల్కమ్ బరోస్, గ్రెగరీ సటన్ చూపించారు. ఒక కాలు పళ్లు రెండో కాలి పళ్లలో ఇరుక్కుంటాయి. దాంతో దూకేటప్పుడు రెండు కాళ్లూ సెకనులో లక్షో వంతుల తేడాతో ఒకేసారి విచ్చుకుంటాయి. ఆ వేగంలో నరాల ద్వారా కాళ్లకు కబురు పంపి సర్దుకోవడం కుదరదు కాబట్టి పళ్లు ఆ పని చేస్తున్నాయి. పెద్దపురుగు అయ్యాక ఆ చక్రాలు ఉండవు. చివరి కుబుసంతో పోతాయి. పన్ను విరిగితే కుబుసం విడిచి కొత్తది తెచ్చుకునే అవకాశం పిల్లకే ఉంది, పెద్దదానికి లేదు. అందుకే పోయి ఉంటాయని వాళ్ల ఊహ.

ఫుల్గోరోయిడియా. మహాకుటుంబం. ఈ రోజు బతికి ఉన్న ఫుల్గోరోమార్ఫా అంతా ఈ ఒక్క మహాకుటుంబంలోనే ఉంది కాబట్టి, పై పదానికి చెప్పిందే దీనికీ చెల్లుతుంది. శిలాజాలతో పని ఉన్నవాళ్లకే ఈ రెండు మాటలూ విడివిడిగా కావాలి. ఇందులో ఇరవై చిల్లర కుటుంబాలున్నాయి. జిల్లేడు మీది యూరిబ్రాకిస్‌ది ఒకటి, పైరిల్లాది ఒకటి, సుడిదోమది ఒకటి, మన కాళిదాసది ఇంకొకటి.

ఫుల్గోరిడే. కుటుంబం. ఉష్ణమండలపు పెద్ద పురుగుల కుటుంబమంటే ఇదే, ఏడువందలకు పైగా జాతులు. ఈ పేరును కుటుంబం పేరుగా నిలబెట్టింది ఫ్రాన్సు దేశపు లాత్రెయ్, 1807లో. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఆయన మతగురువుగా జైల్లో పడ్డాడు. గదిలో దొరికిన ఒక చిన్న పెంకుపురుగును గుర్తించిన పుణ్యానికి విడుదలై ప్రాణం దక్కించుకున్నాడు. వర్గీకరణ ప్రాణం నిలబెట్టిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఈ కుటుంబానికి దీపం పురుగులని పేరు. ఆ పేరు వెనక మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి ఉంది. 1699లో ఆమె దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు పోయింది, 1705లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకం అచ్చువేసింది. వేరుశనగ కాయంత ఉబ్బిన ముక్కు ఉన్న ఒక పెద్ద పురుగు ఆమెకు దొరికింది. పెట్టెలో పెట్టిన ఆ పురుగులు రాత్రి రొద చేస్తే మూత తీసిందట, లోపల మంటలాంటి వెలుగు కనిపించిందట. సికాడాలే మారి ఈ పురుగులవుతాయని అక్కడివాళ్లు చెప్పిన మాటనూ రాసుకుంది. లిన్నేయస్ 1758లో ఈ పురుగును సికాడా ప్రజాతిలోనే వేసి, జాతి పేరు మాత్రం లాంతరును బట్టి లాటర్నేరియా అన్నాడు. తర్వాత దానికి వేరే ప్రజాతి కట్టాడు, 1764లో ఒక పేరుతో, 1767లో ఫుల్గోరా అనే ఇంకో పేరుతో. ముందు పెట్టిందే చెల్లాలనే నియమం ప్రకారం పాతది నిలవాలి. అందరికీ అలవాటైన పేరు పోతుందని అంతర్జాతీయ జంతునామకరణ సంఘం జోక్యం చేసుకుని ఫుల్గోరానే నిలబెట్టింది. ఆ పేరు మీదే ఈ కుటుంబం.

వెలుగు మాత్రం లేదు. ఆ తర్వాత ఎంతోమంది రాత్రులు కాపలా కాసి చూశారు, కోసి చూశారు. మిణుగురులో ఉండే కాంతి అవయవం ఇందులో లేదు. ఆ ముక్కు లోపల బోలు. మేరియన్ ఏం చూసిందో గానీ, మిగతా విషయాల్లో ఆమె కన్ను ఎంత నిక్కచ్చిదంటే ఈ ఒక్క పొరపాటుకు మూడువందల ఏళ్లుగా ఎవరూ ఆమెను గట్టిగా తిట్టలేకపోయారు. దీపం పురుగు అనే పేరు ఇక వదలదు.

మరి కుటుంబాన్ని గుర్తుపట్టేది దేనితో? ముక్కుతో అనుకుంటారు చాలామంది, అది తప్పు. ఈ కుటుంబంలో ముక్కు లేనివి బోలెడున్నాయి, ముక్కున్న పైరిల్లా ఈ కుటుంబంలో లేదు. చెరకు తోటలో ఆకు అడుగున చేరి, పిల్లదశలో వెనక రెండు తెల్లటి ఈకల తోకలు ఊపుకుంటూ తిరిగే పైరిల్లాకు ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుంది, అయినా అది లోఫోపిడే కుటుంబానిది. ఫుల్గోరిడేకు గుర్తు వెనకరెక్కలో ఉంది. ఆ రెక్క వెనకభాగం విప్పి చూస్తే నిలువు నరాల మధ్య అడ్డనరాలు లెక్కలేనన్ని, చేపల వలలాగా అల్లుకుని ఉంటాయి. పక్క కుటుంబాల్లో అక్కడ ఒకటీ అరా అడ్డనరాలే ఉంటాయి. అంటే పురుగు చెట్టు మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్నంతసేపూ అసలు గుర్తు కనబడదు. ఫోటో చూసి కుటుంబం చెప్పేవాళ్లు రంగూ, ఒంటి పరిమాణమూ చూసి ఊహిస్తున్నారన్న మాట. ఊహ చాలాసార్లు సరిగ్గానే ఉంటుంది, అది వేరే సంగతి.

ఒకప్పుడు ఈ మాట పరిధి చాలా పెద్దది. బ్రిటిష్ ఇండియా జంతుసంపద గ్రంథమాలలో విలియం లూకస్ డిస్టంట్ రాసిన రింకోటా మూడో సంపుటం 1906లో వచ్చింది. మన దేశపు ఈ పురుగులకు చాలాకాలం అదే ఆధారం. అందులో ఫుల్గోరిడే అంటే ఈ పాయ మొత్తం. సుడిదోమ, యూరిబ్రాకిస్, పైరిల్లాల గుంపులన్నీ అందులో ఉపకుటుంబాలు. తర్వాత ఒక్కో ఉపకుటుంబమూ విడిపోయి తలోక కుటుంబమైంది. అందుకే పాత వ్యవసాయ నివేదికల్లో చెరకు ఫుల్గోరిడ్ అని కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. పురుగు మారలేదు, ఇంటిపేరు మారింది.

ఇంత పెద్ద ఒళ్లు చెట్టు రసంతో ఎలా పెరుగుతుంది? చెట్టు బెరడు కింద ఆకుల్లో తయారైన ఆహారం పారే నాళాల్లోకి ఇవి సూది దింపుతాయి. ఆ రసంలో చక్కెర దండిగా ఉంటుంది, ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు మాత్రం అరకొర. కాబట్టి మోయలేనంత తాగాలి, మిగిలిన చక్కెర నీళ్లను వెనకనుంచి వదలాలి. ఆ జిగట మీదే మసి తెగులు లేస్తుంది, చీమలూ కందిరీగలూ మూగుతాయి. లోటుపడ్డ అమైనో ఆమ్లాలను ఈ పురుగుల ఒంట్లో కాపురమున్న బాక్టీరియా తయారుచేసి ఇస్తుంది. ఆ బాక్టీరియా తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు కోట్ల ఏళ్లుగా వస్తోంది. సుడిదోమ సంగతి కాస్త వేరు. దానిలో ఆ పని ఎక్కువగా ఈస్టులాంటి శిలీంధ్రం చేస్తుంది.

అఫేనినే. ఉపకుటుంబం. ఆసియాలోని పెద్ద దీపం పురుగుల్లో చాలావరకు ఇందులోనివే. పడమటి కనుమల్లో కనిపించే పైరాప్స్ డెలెసర్టీ ఇందులోనే ఉంది, లీచీ చెట్ల మీద ఎర్రటి పొడుగు ముక్కుతో ఉండే చైనా పైరాప్స్ కూడా. వెనకటికి పైరాప్స్‌ను ముక్కు చూసి అమెరికా ఫుల్గోరా పక్కన కూర్చోబెట్టేవారు. 2009లో జూలీ అర్బన్, జేసన్ క్రయన్ డీఎన్ఏ పోల్చి చూస్తే అది ఫుల్గోరా పక్కన కాదు, కాళిదాస ఉన్న వైపు తేలింది. రెండు ఖండాల్లో పొడుగు ముక్కు విడివిడిగా పుట్టిందన్న మాట. ముక్కును నమ్మకూడదని మళ్లీ రుజువైంది.

ఈ ఉపకుటుంబంలో ఇప్పుడు లోకమంతా తెలిసిన పురుగు లైకోర్మా డెలికాటులా, మచ్చల దీపం పురుగు. దాని సొంతూరు చైనా. 2014 సెప్టెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బెర్క్స్ కౌంటీలో బయటపడింది. తాండూరులో రాయి పని చేసేవాళ్లు చెవి పెట్టాల్సిన సంగతి ఇక్కడుంది: అది ఎక్కి వచ్చిన వాహనం రాళ్ల సరుకు అని అక్కడివాళ్ల అంచనా. ఈ పురుగు ఆడది ముప్పై నుంచి యాభై గుడ్లు వరసలుగా పెట్టి, పైన బూడిదరంగు మైనం పూత పూస్తుంది. ఎండిపోయాక అది గోడ మీద పడ్డ బురద మరకలానే ఉంటుంది. చెట్టే కావాలని లేదు. రాయి, ఇనుము, లారీ చక్రం, రైలు డబ్బా, నునుపుగా ఉన్నది ఏదైనా సరే. చలికాలమంతా గుడ్లు అలాగే ఉంటాయి. మన నాపరాయికీ ఆ పురుగుకూ సంబంధం లేదు గానీ, బండలు పేర్చి తాళ్లు కట్టి ఓడ ఎక్కించే ఊళ్లు ఎక్కడున్నా, బండ వెనకవైపు అంటుకున్న బురద మరక ఏదో చూసి గీకడం తెలివైన పని.

ద్రాక్ష తోటలకు దాంతో పెద్ద నష్టం. న్యూజెర్సీ ప్రభుత్వం కనిపిస్తే కాలితో తొక్కి చంపండని ప్రచారం పెట్టింది. అక్కడి తెలుగు పిల్లలు ఆటస్థలంలో ఆ పని ఇష్టంగా చేస్తారు. దానికి అన్నిటికన్నా ఇష్టమైన చెట్టు అయిలాంతస్. అదే ప్రజాతిలోని చెట్టును మనం పెద్దమాను అంటాం, అగ్గిపుల్లలకు వాడతాం.

కాళిదాస. ప్రజాతి. 1900లో పెట్టినవాడు జార్జ్ విల్లిస్ కిర్కాల్డీ, ఇంగ్లండు మనిషి. పేర్లు పెట్టడంలో ఈయనకు చిలిపితనం ఎక్కువ. ఆడపిల్లల పేర్లకు ఒకే తోక తగిలించి, పైకి చదివితే ముద్దడిగినట్టు వినిపించే ప్రజాతి పేర్లు కొన్ని పెట్టాడు. లండన్ జంతుశాస్త్ర సంఘం ఆయన పోయాక దీన్ని అభ్యంతరపెట్టింది. అలాంటి మనిషి ఒక పురుగుకు మహాకవి పేరు పెట్టాడంటే గౌరవమో, సరదానో, ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు. ఆ రోజుల్లో ఈ గుంపు మీద పనిచేసినవాళ్లకు సంస్కృతం మాటలంటే మోజుండేది. వరి సుడిదోమ ప్రజాతికి డిస్టంట్ 1906లో పెట్టిన పేరు నీలపర్వత. మన వడ్లు ఎండగొట్టే పురుగుకు అంత అందమైన పేరు ఉందని రైతులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కిర్కాల్డీని చిలిపివాడని తీసిపారేయడానికి లేదు. తర్వాత ఆయన హవాయికి పోయి అక్కడి చెరకు తోటల యజమానుల సంఘంలో పనిచేశాడు. అప్పట్లో ఆ దీవుల చెరకును ఒక దోమ ఎండబెడుతోంది. దానికి 1903లో పర్కిన్‌సియెల్లా సాకరిసిడా అని పేరు పెట్టింది ఈయనే. సుడిదోమ కుటుంబానిదే అది. చివరికి దాన్ని అదుపు చేసింది మందు కాదు. 1920లో బయటినుంచి తెచ్చి వదిలిన ఒక మిరిడ్ నల్లి చెరకు ఆకుల్లో దాచిన దోమ గుడ్లను వెతికి పీల్చేసింది. సరిగ్గా అలాంటి మిరిడ్ నల్లే మన వరి మడుల్లో ఉంది, సిర్టోరైనస్ లివిడిపెన్నిస్. ఆకుపచ్చగా, తల నల్లగా, దుబ్బుల మొదళ్లలో దోమల మధ్యే తిరుగుతుంది. చాలామంది దాన్నీ దోమే అనుకుని మందు కొడతారు. అది కూడా హెమిప్టెరానే, సూదిమూతిదే, కాకపోతే మొక్కలో కాదు, దోమ గుడ్లలో సూది దింపుతుంది.

దోమ కనిపించగానే సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే ఏమవుతుందో ఇక్కడే అర్థమవుతుంది. సాలీళ్లూ మిరిడ్ నల్లులూ చస్తాయి. ఆకు తొడుగుల్లో దాగిన దోమ గుడ్లు బతుకుతాయి. పది రోజుల్లో దోమ ముందటికన్నా ఎక్కువవుతుంది. 1986లో ఇండొనేషియా ప్రభుత్వం ఈ లెక్క అర్థం చేసుకుని వరిలో 57 రకాల మందులను ఒక్క ఉత్తర్వుతో ఆపింది. మన దగ్గర శాస్త్రవేత్తలు చెప్పే మొదటి ఉపాయానికి పైసా ఖర్చులేదు: నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తియ్యడం. దోమ నీటికి పైన, మొదళ్ల దగ్గర నీడలో, ఉక్కలో ఉంటుంది. గాలీ వెలుతురూ దిగితే దానికి పడదు. కాగ్నా కింద కొందరు బాటలు తీస్తారు, కొందరు ఆ రెండు సాళ్ల వడ్లు పోతాయని తియ్యరు.

లనాటా. జాతి పేరు, ఉన్ని లేదా దూది ఉన్నదని భావం. ఈ పాయలో చాలా పురుగులు ఒంటి నుంచి తెల్లటి మైనం పీచులు వదులుతాయి. ఇంతకన్నా చూడదగ్గది దీని తల మీద ఉంది. ముక్కు కొసకు కొంచెం పైన, సన్నని కాడ ఒకటి వంకీ తిరిగి పైకి లేస్తుంది. వంగుతుంది, ఊగుతుంది, తగిలితే పుటుక్కున విరుగుతుంది. విరిగాక ఆ చోట పెద్ద మచ్చ కూడా మిగలదు. ఇంకేముంది, కాడ ఉన్నవాటిని ఒక జాతిగా, కాడ విరిగినవాటిని వేరే జాతిగా వెనకటి శాస్త్రవేత్తలు రాసేశారు. ఓడలో నెలల తరబడి కుదుపుల్లో వచ్చిన పురుగుకు కాడ మిగలడమే ఆశ్చర్యం. ఇలా ఒకే పురుగుకు వచ్చిన రెండో పేరును పర్యాయనామం అంటారు. ఈ కుటుంబపు జాబితాల్లో అవి కొల్లలు.

డ్రూరీ, 1773. జాతిని మొదట వర్ణించినవాడు, వర్ణించిన సంవత్సరం. డ్రూ డ్రూరీ లండన్‌లో వెండి వస్తువుల వ్యాపారి. మన దేశం ఎన్నడూ చూడలేదు. వ్యాపారంలో వచ్చిన డబ్బు పురుగుల మీద పెట్టాడు. ఓడ కెప్టెన్లకు, ఓడల్లో వైద్యులకు పురుగులు ఎలా పట్టాలో, ఎలా ఆరబెట్టాలో రాసిచ్చి, తెచ్చినవాటికి డబ్బిచ్చేవాడు. వాటి బొమ్మలు మోజెస్ హారిస్ గీస్తే మూడు సంపుటాల పుస్తకం వేశాడు. ఆయన పోయాక ఆ సేకరణంతా వేలంలో ముక్కలైంది.

ఇక బ్రాకెట్లు. అచ్చు తప్పనుకుని చెరిపేయకూడదు. డ్రూరీ ఈ పురుగుకు కాళిదాస అనే ప్రజాతిలో పేరు పెట్టలేదని, వేరే చోట పెట్టిన జాతిని తర్వాతివాళ్లు ఇక్కడికి మార్చారని వాటి అర్థం. ఆయన కాలానికి ఆ ప్రజాతి పుట్టనే లేదు. బ్రాకెట్లు లేకపోతే మొదటి రోజు నుంచీ అదే ప్రజాతిలో ఉందని.

ఆ సంవత్సరం కూడా గమనించాలి. ఓడల మీద వచ్చే పురుగుల్లో కంటికి నదరుగా ఉన్నవాటికే ముందు పేర్లొచ్చాయి. వేరుశనగ ముక్కుదానికి 1758, చైనా ఎర్రముక్కుదానికి 1758, మన కాళిదాసకు 1773. ఎకరాలకు ఎకరాలు మింగేవాటి వంతు ఆ తర్వాత వచ్చింది: చెరకు పైరిల్లాకు 1851, జొన్న సుడిలో చేరే పెరెగ్రైనస్ మైడిస్‌కు 1890, వరిలో తెల్లవీపు దోమకు 1899. సుడిదోమ నాలుగు మిల్లీమీటర్ల ఒంటికి జావా నుంచి వచ్చిన నమూనా చూసి స్వీడన్‌లో స్టాల్ పేరు పెట్టేనాటికి కాళిదాస పేరుకు ఎనభై ఏళ్లు నిండాయి. దాని చీటీ ఇలా ఉంటుంది: హెమిప్టెరా, ఆకెనోరింకా, ఫుల్గోరోమార్ఫా, ఫుల్గోరోయిడియా, డెల్ఫాసిడే, నీలపర్వత లూగెన్స్ (స్టాల్, 1854). మొదటి నాలుగు పదాలకు పైన రాసిందే వ్యాఖ్యానం. బ్రాకెట్లకూ అదే, స్టాల్ దీన్ని డెల్ఫాక్స్ అనే ప్రజాతిలో పెట్టాడు. ఐదో పదానికి మాత్రం దుబ్బు మొదట్లోంచి ఒక దోమను పట్టి, వెనకకాలి పిక్క కొసన చూడాలి. అక్కడ కీలు మీద కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. ఆ ముల్లు ఉంటే డెల్ఫాసిడే, లేకపోతే మీరు పట్టింది వేరే దోమ, కొనబోయే మందు డబ్బా పక్కన పెట్టి మళ్లీ మూతి దగ్గర మొదలుపెట్టండి.